నాజిలక్క రెండో నడక

వరి పరిశోధన కేంద్రంలో ఆమె అసలు పేరు హాజరుపట్టీకి తప్ప ఇంకెవరికీ గుర్తు లేదు. అందరికీ ఆమె నాజిలక్క. వీపున మోసే స్ప్రేయరు గొట్టం చివర, మందును తుంపరగా విడదీసే బుల్లి ఇత్తడి ముక్కు ఉంటుందే, దాన్ని నాజిల్ అంటారు. పని మొదలుపెట్టే ముందు ఆమె ఆ ముక్కు విప్పి, వెలుతురుకెత్తి, ఒక కన్ను మూసి అందులోంచి ఆకాశాన్ని చూసేది. సన్నటి చీలికలో ఆకాశం తెగకుండా కనబడితేనే బిగించేది. ఇసుక రేణువంత నలుసు అడ్డున్నా మళ్ళీ కడిగేది. ఇరవై రెండేళ్ళుగా ఇదే వరస.

"మోతాదు సీసాలో లేదే తల్లీ, కాళ్ళలో ఉంది" అనేది, కొత్తగా పనిలో చేరిన ఆడపిల్లలతో. నెమ్మదిగా నడిస్తే మొక్క మీద మందు ఎక్కువ పడుతుంది. తొందరపడితే తక్కువ పడుతుంది. నారు ట్రేలను షెడ్డు నేల మీద బారుగా పేర్చి, ముక్కును మోకాలెత్తున పట్టి, ఆమె ఆ బారు పక్కన ఒకే తీరున నడిచిపోయేది. వాగులో నీళ్ళు నడిచినట్టుండేది ఆ నడక. తొందర లేదు, ఆగడం లేదు. సైంటిస్టు మేడం మొదట్లో గడియారం పట్టుకుని నిలబడేది. తర్వాత గడియారం సొరుగులోకి పోయింది.

ఆమె ఉద్యోగమల్లా వరి మొక్కల్ని చంపడం. చచ్చాయో లేదో పుస్తకంలో రాయడం. వినడానికి విడ్డూరంగానే ఉంటుంది. పొలంలో వరి మొహమే పెట్టుకుని వరి మధ్యన దాక్కునే అడవి వరి ఒకటుంది. చేత్తో పీకబోతే ఏది ఏదో తెలీదు. కలుపు మందు కొడితే దానితోపాటు మనం వేసుకున్న పైరూ పోతుంది. మందు తాగినా చావని వరి దొరికితే ఆ బాధ తీరుతుంది. అందుకని మేడం విత్తనాలను ఒక రసాయనంలో నానబెట్టించేది. ఆ నీళ్ళు విత్తనం లోపలి రాతలో అక్కడొక అక్షరం, ఇక్కడొక అక్షరం తారుమారు చేస్తాయి. ఎక్కడ చేస్తాయో చెప్పలేం. ఆ విత్తనాల సంతానంలో ఏ లక్షకో ఒకటి బతికి బట్టకడుతుందేమోనని మేడం ఆశ.

కేంద్రంలో ఒక రివాజు ఉండేది. బతికిన మొక్కను ఎవరు ముందు చూస్తే, దానికి నంబరు వచ్చేదాకా వాళ్ళ పేరే. ఇరవై రెండేళ్ళలో నాజిలక్క మొక్క అన్నది ఒక్కటీ లేదు. దొరికిన రెండు మూడూ 'దొంగ బతుకులు'. పక్క మొక్క ఆకు చాటున ఉండి, మందు పడక బతికినవి. వాటి గింజల నుంచి మొలిచిన పిల్లల మీద ఆమె మందు కొడుతూ నడిచిందంటే వారంలో ఎండుగడ్డి అయిపోయేవి.

రెండేళ్ళ కింద తోడికోడలిని తనే మేడంతో చెప్పి పనిలో పెట్టించింది. మరిది భార్య. ఇంట్లో అందరూ చిన్నది అంటారు, కేంద్రంలోనూ ఆ పేరే అంటుకుంది. మాట్లాడితే గిన్నెలు దొర్లినట్టుండేది. నోట్లో మాట ఆగదు, చేతిలో వస్తువు ఆగదు. మొదటి నెలలోనే రెండు మట్టి కుండీలు పగలగొట్టింది.

ఆ ఉదయం చచ్చిన మడులకు మార్కులు వేసే పని పడింది. ఒకటి అంటే పచ్చగా ఉన్నట్టు, తొమ్మిది అంటే మాడి మసైనట్టు. నాజిలక్క ముందు నడుస్తూ, తొమ్మిది, తొమ్మిది, తొమ్మిది అని రాసుకుంటూ పోయింది. వాడిన గడ్డి రంగు వరసలు, వాటి మీద పల్చటి ఎండ. వంగి చూడడం మానేసి ఎన్నేళ్ళయిందో ఆమెకే తెలీదు. వంగినప్పుడల్లా ఏమీ లేకపోవడం నడుముకు అలవాటైపోయింది. వెనకాల చిన్నది చెవిదిద్దు శీల పడిపోయిందని మడిలోనే చతికిలబడింది.

"అక్కా, ఒక్కసారి వెనక్కి రా."

"దొరికిందా?"

"శీల దొరకలేదు గానీ, ఇదేంటో చావలేదే."

ఎండిన దుబ్బుల కింద, చిటికెన వేలంత, తడి తడి ఆకుపచ్చ. ఊరంతా నిద్రపోతుంటే ఒక్క కిటికీలో మెలకువగా ఉన్న మొహంలా ఉంది. నాజిలక్క చేతిలోని పుస్తకంలో ఆ వరసకు ఎదురుగా తొమ్మిది అని ఉంది. సిరా ఇంకా ఆరలేదు.

"దొంగ బతుకై ఉంటుంది" అంది.

ఆ మాట నిజం కావాలని ఆమె ఎంత కోరుకుందో చెప్పలేం. మొక్కను కుండీలోకి మార్చారు. అది పెరిగి గింజకొచ్చేదాకా మూడు నెలలు రోజూ ఆ కుండీ పక్కనుంచి వెళ్ళేది. ఆకు కొస పండితే ఆరోజు తిండి సహించేది. కొత్త పిలక వేస్తే కడుపులో ఎవరో పెనం పెట్టినట్టయ్యేది. గింజలు రాలాయి, మొలిపించారు, వాటి మీద ఆమే నడిచింది. మేడం ముందర, ఒక్క నలుసు లేని ముక్కుతో, నీటి నడక. పదిరోజులకు చూస్తే అన్నీ బతికే ఉన్నాయి, నూటికి నూరు. దొంగ బతుకు కాదు, దొర బతుకు.

కేంద్రమంతా 'చిన్నదాని మొక్క' అన్న మాట గాలిలా తిరిగింది. ఇంటికొస్తే అక్కడా అదే గాలి. అత్తగారు ఇరుగుపొరుగుతో "మా చిన్న కోడలి చేతి చలవ, చచ్చేది కూడా బతుకుతుంది" అంటూ మురిసేది. పెద్ద కోడలు చెయ్యి ఇరవై రెండేళ్ళు ఏం చేసిందో ఆవిడకు తట్టేది కాదు.

నాజిలక్క భర్త దర్జీ. మిషను తొక్కుతూ ఒకరోజు అననే అన్నాడు.

"ఏమిటలా ఉన్నావు? మొహం చూస్తే మాడిన మడిలా ఉంది. తొమ్మిది మార్కులు వెయ్యొచ్చు."

"మీకు నవ్వులాటగా ఉంది."

"ఆ పిల్లను నువ్వేగా తీసుకెళ్ళి చేర్చావు? నీ పేరు కూడా వచ్చినట్టే."

"నా పేరు ఎక్కడొచ్చింది? ఆ వరస నేను ముందు చూశాను. చూసి తొమ్మిది రాశాను. అదీ నా పేరు."

ఆయన తొక్కడం ఆపాడు. దారం తెగిందేమో అన్నట్టు మిషను వంక చూశాడు గానీ ఆమె వంక చూడలేదు.

చిన్నదానికి ఇవేవీ పట్టవు. "అక్కా, నా శీల పోయింది గానీ మొక్క దొరికింది, రెండో శీల కూడా పారేస్తే ఇంకోటి దొరుకుతుందంటావా?" అని అందరి ముందూ అంటే అందరూ పడీ పడీ నవ్వేవాళ్ళు. నాజిలక్క కూడా నవ్వేది. పళ్ళు నొప్పి పుట్టేవి.

ఇక అసలు పరీక్ష మిగిలింది. చిన్నదాని మొక్కను రైతులు మెచ్చిన మామూలు వరితో కలిపారు. ఆ కలయికలో పుట్టినవి నాలుగే మొక్కలు, అపురూపం, వాటి మీద మందు కొట్టకుండా గింజ కట్టించారు. ఆ గింజల నుంచి నూట తొంభైరెండు మొక్కలు మొలిపించారు. వాటి మీద ఒక్కసారి నడవాలి. ఎన్ని బతుకుతాయన్నదే లెక్క.

మేడం షెడ్డు గోడ మీద సుద్దముక్కతో గీసి చెప్పింది. ఆమె చెప్పే తీరు బాగుంటుంది.

"మొక్క లోపల దానికి కావలసిన సరుకు వండుకునే పొయ్యి ఉందనుకోండి. మన మందు ఆ పొయ్యి నోట్లో మట్టి కూరుతుంది. వంట ఆగి మొక్క మాడి చస్తుంది. చిన్నదాని మొక్కలో పొయ్యి నోరు వెంట్రుకవాసి వంకర. మట్టి నిలవదు. అయితే ప్రతి మొక్కకూ రెండు పొయ్యిలుంటాయి, అమ్మ తరఫుది ఒకటి, నాన్న తరఫుది ఒకటి. ఈ నూట తొంభైరెండులో పావు వంతుకు రెండూ వంకరవే ఉంటాయి. సగానికి ఒకటే వంకర. మిగిలిన పావుకు ఒక్కటీ ఉండదు."

"ఒక్కటి వంకరైతే చాలా మేడం?" అంది చిన్నది.

"అదే తేలాలి. చాలితే ముప్పావు బతుకుతాయి. చాలకపోతే పావే. చాలిందనుకో, ఏ వరిలోకైనా తేలిగ్గా ఎక్కించొచ్చు. చాలకపోతే అడుగడుగునా దాక్కునే గుణం, ఏళ్ళకేళ్ళు పడుతుంది. పక్క విభాగం వాళ్ళ దగ్గర ఇంకో మొక్క ఉంది. రెండింటిలో ఒకదాన్నే ముందుకు తీసుకెళ్తారు. రెండోది చల్లగదిలో సంచిలోకి."

సంచిలోకి. ఆ మాట నాజిలక్క చెవిలో ఇల్లు కట్టుకుంది.

పరీక్ష రోజు పొద్దున గాలి లేదు. ఆకాశం పాలు విరిగినట్టు తెల్లగా ఉంది. ఆమె ముక్కు విప్పి చూసింది, బిగించింది. ట్రేలు బారుగా ఉన్నాయి. నారు మూడాకుల వయసులో ఉంది. పసిపిల్లలు వరసగా నిలబడి ఎవరినో చూడబోతున్నట్టుంది. ఆమె నడిచింది. తుంపర పడింది, లేచింది, ఆకుల మీద సన్నటి తడి కూర్చుంది. బారు చివరికి వచ్చింది.

మేడంకు ఫోనొచ్చి షెడ్డు బయటికెళ్ళింది. చిన్నది కొత్త చీటీలు తేవడానికి పోయింది. అవతల ఎవరితోనో మాట్లాడుతూ నవ్వుతోంది. ఆ నవ్వు రేకు గోడలోంచి లోపలికొచ్చి ఆకుల మీది తడిలో పడింది.

నాజిలక్క కాళ్ళు వెనక్కి తిరిగాయి. ఆలోచన తర్వాత వచ్చిందా, అసలు రాలేదా, ఆమెకు ఎప్పటికీ తేలలేదు. మళ్ళీ అదే బారు, అదే ఎత్తు, అదే నీటి నడక. ఎక్కువా తక్కువా లేకుండా సరిగ్గా రెండింతలు. తప్పు పని కూడా ఆమెకు తప్పుగా చెయ్యడం చేతకాలేదు.

స్ప్రేయరు దించి, చేతులు కడుక్కుంటుంటే చిన్నది వచ్చింది. "అయిపోయిందా అక్కా? నీకేం, కళ్ళు మూసుకుని కూడా నడిచేస్తావు" అంటూ చీటీలు గుచ్చసాగింది.

పన్నెండో రోజుకు లెక్క తేలింది. పచ్చగా ఉన్నవి నలభై ఏడు. పావు వంతు.

చిన్నది ఒకటికి మూడుసార్లు లెక్కపెట్టింది. మాట్లాడలేదు. ఆ నోరు మూతపడడం నాజిలక్క అదే మొదటిసారి చూడడం. ఎంతో కాలంగా అడిగినది చేతిలో పెట్టినట్టయింది. చల్లగా ఉంటుందనుకుంది. చల్లగానే ఉంది, రెండు రోజులు. అత్తగారు కూడా చేతి చలవ మాట ఎత్తలేదు.

మూడో రోజు రెండు విభాగాలవాళ్ళూ షెడ్డులోనే సమావేశమయ్యారు. నాజిలక్క మూల నిలబడి ట్రేలు తుడుస్తోంది. పక్క విభాగం పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని, "ఒక్కసారి మళ్ళీ కొట్టి చూస్తే బాగుండదా? పావు అంటున్నారు, కొట్టడంలో ఏమైనా తేడా వచ్చిందేమో" అన్నాడు.

మేడం తల అడ్డంగా ఊపింది. "అవసరం లేదండీ. కొట్టింది మా నాజిలక్క. గింజ తప్పు చెప్పొచ్చు, లెక్క తప్పు చెప్పొచ్చు. ఆవిడ నడక తప్పు చెప్పదు."

నాజిలక్క చేతిలో గుడ్డ ఆగిపోయింది.

ఇన్నేళ్ళలో ఎవరైనా ఆమె గురించి పదిమంది ముందు అన్న మాట అదొక్కటే. అదీ ఈరోజే అనాలా? తనదంటూ ఉన్నది ఒక్క నడకే. ఇప్పుడు దాని మీద ఒక అబద్ధం ఎక్కి కూర్చుంది, తన కాళ్ళతోనే ఊరేగుతోంది. చిన్నది గుమ్మం దగ్గర నేల చూస్తూ నిలబడి ఉంది. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాజిలక్కకు చిన్నదాని మీద జాలి వెయ్యలేదు. ఇంకా కుళ్ళుగానే ఉంది. కానీ ఆ కుళ్ళు కన్నా పెద్దదేదో నడుము దగ్గర లేచి నిలబడింది.

"మేడం, తేడా వచ్చింది" అంది.

అందరూ తిరిగారు.

"నేను రెండుసార్లు నడిచాను."

"అంటే? మధ్యలో ముక్కు మూసుకుపోయిందా?" మేడం తనే ఒక సాకు అందించింది పాపం.

"ముక్కు బాగానే ఉంది. నేనే బాగాలేను. కావాలనే నడిచాను."

పెద్దాయన దగ్గి, కాగితాలు సర్దుకుని, పరీక్ష మళ్ళీ జరిగేదాకా నిర్ణయం ఆపుదామన్నాడు. మేడం మొహం ఎర్రబడింది. "స్ప్రేయరు అక్కడ పెట్టెయ్. ఈ సీజను అంతా ట్రేలు కడుగు" అంది. ఆపైన పుస్తకం తిరగేసి, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు అంది:

"రెండింతలు పడినా నలభై ఏడు నిలబడ్డాయంటే... రెండు పొయ్యిలూ వంకరైనవి రెట్టింపు మందును తట్టుకుంటున్నాయన్నమాట. ఇది మనం అడగని ప్రశ్నకు జవాబు. బాగుంది. చిన్నదాని మొక్క నేననుకున్నదానికన్నా గట్టిది."

నాజిలక్కకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. చంపడానికి నడిస్తే దాని గొప్ప ఇంకో మెట్టు పెరిగింది.

చిన్నది ఆ సాయంత్రం వేరే బస్సెక్కింది. మర్నాడూ అంతే. ఇంట్లో ఎదురుపడితే గోడకు దారిచ్చినట్టు పక్కకు తప్పుకునేది. 'అక్కా' అన్న పిలుపు మానేసింది. ఏదైనా కావలసొస్తే గాలితో చెప్పేది, "ఇక్కడ చీపురు ఉండాలే" అని. అయిదో రోజు మాత్రం కుళాయి దగ్గర బిందె నిండుతుండగా, తల తిప్పకుండా అడిగింది.

"నేనేం చేశాను నీకు?"

"ఏమీ చెయ్యలేదు. వంగావు. నేను వంగలేదు."

"దానికి నా మొక్కను చంపుతావా?"

"చంపుదామనే."

"సిగ్గు లేదూ చెప్పడానికి?"

"ఉంది. అయినా చెబుతున్నాను. నువ్వు దాన్ని నీ మొక్క అన్నప్పుడల్లా నాకు ఇప్పటికీ మండుతుంది, ఇదిగో ఇక్కడ. ఇప్పుడు కూడా మండింది."

బిందె నిండి పొర్లింది. చిన్నది ఎత్తుకుని వెళ్ళిపోయింది, దారంతా నీళ్ళు ఒలకబోసుకుంటూ.

కొత్త నారు మొలిచింది, మళ్ళీ నూట తొంభైరెండు. మందు చిన్నది కొట్టింది. మేడం సొరుగులోంచి గడియారం తీసి పక్కన నిలబడింది. నాజిలక్క తొట్టి దగ్గర ట్రేలు తోముతూ వినడమే గానీ చూడలేదు. పంపు పిడి చప్పుడు, అడుగుల చప్పుడు. కాస్త తొందర నడక, అయినా ఫర్వాలేదు, నిలకడ ఉంది. ఇంకో ఏడాదికి తనంత నడుస్తుంది. ఆ సంగతి తెలిసి తొట్టిలో చేతులు కాసేపు ఊరికే ఉండిపోయాయి.

జరిగిన దాని వల్ల మేడం కొత్త నియమం పెట్టింది. ఏ లెక్కైనా ఇద్దరు వేరువేరుగా లెక్కపెట్టి వేరువేరు కాగితాల మీద రాయాలి, రెండూ కలిస్తేనే పుస్తకంలోకి. పన్నెండో రోజు చిన్నది ట్రేలు ఒక్కొక్కటే మోసుకొచ్చి తొట్టి గట్టు మీద పెట్టింది. తన కాగితం మడిచి గుప్పిట్లో పట్టుకుంది.

"మేడం నిన్ను లెక్కపెట్టమంది."

"నన్నా?"

"నేనడిగితే ఒప్పుకుంది. చెయ్యి తుడుచుకో."

నాజిలక్క వంగింది. నడుము మూలిగింది. ఒక్కో మొక్కనూ వేలితో తాకి, పక్కకు వంచి, కింద ఇంకోటి దాక్కుందేమో చూసి, ముందుకెళ్ళింది. చచ్చినవి నలుసులై వేళ్ళకంటుకున్నాయి. బతికినవి వేళ్ళకు ఎదురు తిరిగాయి. ట్రే తర్వాత ట్రే. ఎక్కడో నూరు దాటింది. దాటుతుంటే లోపల పాత మంట లేచి, తన లెక్క తను చూసుకుంటూ పక్కనే నడిచింది. చివరి ట్రేలో పండుటాకు మొక్క ఒకటుంది, బతికిందో పోయిందో తెలియకుండా. దాన్ని పోయిందని అనుకోవడానికి ఎవరూ అడ్డం రారు. మొదలు దగ్గర గోటితో విప్పి చూసింది. లోపల లేత ఆకు, పచ్చగా, చుట్ట చుట్టుకుని ఉంది.

నూట నలభై ఒకటి అని రాసింది. ముప్పావు వంతు.

చిన్నది తన గుప్పిట విప్పింది. నూట నలభై ఒకటి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది.

"ఒకటి తక్కువ రాస్తావనుకున్నా."

"రాద్దామనే అనిపించింది."

"ఏది, ఆ చివరి ట్రేలోదా?"

"ఆ పండాకుదే."

"నేనూ దాని దగ్గర ఆగాను" అంది చిన్నది. "ఎక్కువ రాస్తున్నానేమోనని భయమేసింది." అని, ట్రే ఎత్తబోయి, "అవతలి కొస పట్టుకో అక్కా, ఒక్కదాన్నే మొయ్యలేను, పగలగొట్టేస్తాను" అంది.